మిగతాది రేపు

ఆ బడిలో సైన్సు చెప్పే ఆయనకి పిల్లలు పెట్టిన పేరు రేపు మాస్టారు. ఏ పాఠమూ ఆ రోజుకి ఆ రోజు పూర్తి చేసిన పాపాన పోలేదాయన. గుండెకి నాలుగు గదులుంటాయని చెప్పి, రెండు గదులు బోర్డు మీద గీసి, గంట కొట్టగానే సుద్దముక్క జేబులో వేసుకుని "మిగతాది రేపు" అనేవాడు. ఆ మిగతా రెండు గదులూ పిల్లలు పరీక్షలో ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకునేవారు. గుండె పాఠానికైతే ఏమంత నష్టం లేదు, రెండు మార్కులు పోతాయి. కానీ ఆ ఏడు పైఆఫీసువాళ్లు ఏరికోరి ఇంకో పాఠం తెచ్చి ఆయన చేతిలోనే పెట్టారు.

హెచ్‌ఐవి రాకుండా ఎలా జాగ్రత్తపడాలో తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పే పాఠం అది. ఆరు పీరియడ్లు, ఒక పసుపు అట్ట పుస్తకం, ఒక డబ్బాడు చీటీలు. చెప్పబోయే మాస్టార్లకి ముందుగా మూడు రోజుల శిక్షణ. మనవాడు రెండు రోజులు బుద్ధిగా వెళ్లాడు. మూడో రోజు బావమరిది ఇల్లు మారుతున్నాడని బీరువా మొయ్యడానికి పోయాడు. సిగ్గుపడే మాటల్ని సిగ్గుపడకుండా పిల్లల ముందు ఎలా చెప్పాలో సరిగ్గా ఆ మూడో రోజే నేర్పారట. బీరువా మాత్రం ఒక్క గీత పడకుండా కొత్తింటికి చేరింది.

ఇక ఆ తరగతిలో, కిటికీ పక్కన రెండో బెంచీలో కూర్చునే పిల్ల సంగతి. ఆ పిల్లని అందరూ గడియారం అంటారు. ఆరో తరగతిలో ఉండగా బడివాళ్లు జంతువుల్ని చూపించడానికి బస్సులో తీసుకెళ్లారు. బస్సంతా పాటలూ కేకలూ. ఈ పిల్ల మాత్రం చేతి గడియారం వంకే చూస్తూ కూర్చుని, సరిగ్గా ఎనిమిది కొట్టేసరికి సంచిలోంచి మాత్ర తీసి గుటుక్కున మింగింది. "ఏంటే అది?" అంటే "బలానికి" అంది. బలానికి వేసుకునే మాత్రకి ఇంత టైము పట్టింపేమిటని నవ్వి, పేరు పెట్టేశారు.

అది బలం మాత్ర కాదు. పుట్టుకతో తల్లి నుంచి వచ్చిన హెచ్‌ఐవికి మందు. ఆ తల్లీ లేదు, తండ్రీ లేడు. ఇస్త్రీ దుకాణం నడిపే అమ్మమ్మ పెంచుకొచ్చింది. పన్నెండో ఏట ఆసుపత్రిలో కౌన్సిలర్ అక్క ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "మాత్ర మానకుండా వేసుకుంటే అందరిలాగే బతుకుతావు, చదువుకుంటావు, మీ అమ్మమ్మంత ముసలిదానివవుతావు. నిన్ను ముట్టుకున్నా, నీ గ్లాసులో నీళ్లు తాగినా, నీ పక్కన పడుకున్నా ఎవ్వరికీ ఏమీ కాదు." బయటికి రాగానే అమ్మమ్మ మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్క చెప్పింది నిజమేనే తల్లీ. కానీ అది అక్కకి తెలుసు, నీకు తెలుసు, నాకు తెలుసు. మిగతావాళ్లకి తెలీదు. కొంప మునిగినా సరే, నోరు విప్పకు."

పిల్ల విప్పలేదు. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీలో కూర్చునే నేస్తానికి కూడా చెప్పలేదు. ఆ నేస్తం పేరు మైకు. గొంతు అలాంటిది మరి, గుసగుసలాడినా పక్క సెక్షనుకి వినిపిస్తుంది. అయినా గడియారం చెప్పిన చిన్నాచితకా రహస్యాల్లో ఒక్కటీ ఆ గొంతులోంచి బయటపడలేదు. గడియారానికి లోకంలో ఉన్నది ఇద్దరే మనుషులు, ఇంట్లో అమ్మమ్మ, బడిలో మైకు.

సరే, ఆట సంగతి వినండి.

పుస్తకంలో మూడో పీరియడుకి కరచాలనం ఆట అని ఉంది. నలభై ఒక్క మంది పిల్లలకి నలభై ఒక్క చీటీలు. ఒక్కదాని మీద ఎర్ర చుక్క, మిగతావన్నీ తెల్లవి. చీటీ విప్పకుండా జేబులో పెట్టుకుని, గదంతా తిరిగి ముగ్గురేసి మనుషులతో చేతులు కలిపి రావాలి. గదంతా ఒకటే గోల. గడియారం మొదట చెయ్యి కలిపింది మైకుతోనే. తర్వాత చీటీలు విప్పారు. చుక్క మైకుకి వచ్చింది.

"చుక్క వచ్చినవాళ్లు లేవండి" అన్నాడు మాస్టారు. మైకు నవ్వుతూ లేచింది. "ఈ అమ్మాయితో చెయ్యి కలిపినవాళ్లు లేవండి. వాళ్లతో కలిపినవాళ్లు కూడా. మళ్లీ వాళ్లతో కలిపినవాళ్లు కూడా." చూస్తుండగానే ఇరవై మంది నిలబడ్డారు. "చూశారా! ఒక్కరి నుంచి ఇరవై మందికి! ఈ జబ్బు ఇలా పాకుతుంది" అన్నాడాయన, గారడీవాడిలా చెయ్యి తిప్పుతూ. పిల్లలు నోళ్లు తెరిచారు. అంతవరకూ బ్రహ్మాండంగానే ఉంది.

పుస్తకంలో ఆ తర్వాత చుట్టూ నల్లగీతలు గీసి మాస్టార్లకి సూచనలు రాసిన పెట్టె ఒకటుంది. మాస్టారు దాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "పిల్లలూ, ఇక్కడ కరచాలనం అంటే... నిజానికి కరచాలనం కాదన్నమాట. అంటే, అది దేనికో గుర్తు. ఆ దేనికో అంటే..." అని నీళ్లు నమిలాడు. వెనక బెంచీలో ఒకడు కిసుక్కున నవ్వాడు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "పెద్దయితే మీకే తెలుస్తుంది. కూర్చోండి, కూర్చోండి. మిగతాది రేపు."

గంట కొట్టడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. గడియారం చూసుకుంది కాబట్టి ఆ సంగతి దానికి తెలుసు.

ఆ రేపు లెక్కల టీచరు ఆ పీరియడు అడిగి తీసుకుంది. ఎల్లుండి ఆటల పోటీలు. తర్వాత క్వార్టర్లీ పరీక్షలు. రిజిస్టరులో మాత్రం ఆరు పీరియడ్లూ పూర్తయినట్టు ఆరు టిక్కులు పడిపోయాయి.

పాఠం సగంలో ఆగితే పిల్లల బుర్రలు ఆగుతాయా? మిగతా సగం వాళ్లే తయారుచేసుకున్నారు. చేతులు కలిపితే వస్తుందని మాస్టారే చూపించాడు కదా. అయితే చెయ్యి కలిపినవాళ్లు సబ్బుతో ఐదు సార్లు కడుక్కుంటే పోతుందని వెనక బెంచీవాళ్లు తేల్చారు. నాలుగు చాలవు, ఆరు అక్కర్లేదు, ఐదే. ఆ మధ్యాహ్నం కుళాయి దగ్గర పంతొమ్మిది మంది వరసకట్టి, పైకి లెక్కపెట్టుకుంటూ కడుక్కుని బతికి బయటపడ్డారు. చుక్క వచ్చిన మనిషికి మాత్రం కడుక్కున్నా పోదట, అది లోపల ఉంటుందట. ఆ రోజు నుంచీ మైకు పేరు చుక్క.

మొదట్లో నవ్వులాట అనుకుంది మైకు. "పోరా కోతీ" అని తిరిగి తిట్టింది. కానీ అది తాగిన కుళాయి దగ్గర ఎవరూ తాగలేదు. అది ఇచ్చిన పుస్తకాన్ని స్కేలుతో నెట్టుకుంటూ తీసుకున్నారు. తాడాటలో తాడుకి ఒక కొస పట్టుకుంటే రెండో కొస వదిలేసి పారిపోయారు. రెండు వారాలకి ఆ గొంతు కాస్తా పక్క బెంచీకి కూడా వినపడకుండా పోయింది. ఇంటికెళ్లి "అమ్మా, నాకు రక్తపరీక్ష చేయించవే, హెచ్‌ఐవి వచ్చిందేమో" అంటే, తల్లి చెంప ఛెళ్లుమనిపించింది. "ఎవడితో తిరిగావే ముదనష్టపుదానా?" అంది. చేతులు కలిపినందుకు ఇంత దెబ్బ ఎందుకు పడిందో మైకుకి అర్థం కాలేదు.

గడియారం ఒక్కటే దాని పక్కన కూర్చునేది. "అలా రాదే, పిచ్చిదానా" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

"నీకెలా తెలుసు?" అనేది మైకు. ఆ ప్రశ్న రాగానే గడియారం పుస్తకం తెరిచి అందులో తల దూర్చేది.

ఒకరోజు ధైర్యం చేసుకుని స్టాఫ్ రూముకి వెళ్లింది. మాస్టారు టీ తాగుతున్నాడు. పసుపు అట్ట పుస్తకం ఆయన కప్పు కింద తెరిచే ఉంది. "మాస్టారూ, కరచాలనం ఆటలో మిగతాది చెప్తానన్నారు."

"ఆ, చెప్తాలే. దానికేం తొందర?"

"మైకుని అందరూ చుక్క అంటున్నారు మాస్టారూ. దాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు. మీరు ఒక్కమాట చెప్తే..."

మాస్టారు కప్పు పక్కన పెట్టి, ఆ పిల్లని ఎగాదిగా చూశాడు. "ఇలాంటి విషయాల మీద ఆడపిల్లవి నీకింత ఆరాటం ఏంటమ్మా? పోయి చదువుకో. రేపు చెప్తాను."

గడియారం వెంటనే వెళ్లిపోలేదు. కప్పు జరిగిన చోట నల్లగీతల పెట్టె బయటపడితే, దాన్ని తలకిందులుగానే చదివేసింది. "ఆటను ఇక్కడ ఆపవద్దు" అని ఉంది. "ఈ ఆటలో కరచాలనం లైంగిక సంబంధానికి గుర్తు మాత్రమేనని చెప్పండి. నిజజీవితంలో కరచాలనం వల్ల హెచ్‌ఐవి రాదని చెప్పండి" అని ఉంది. ఆఖరున ఇంకో వాక్యం. "చుక్క వచ్చిన విద్యార్థి చెయ్యి పట్టుకుని అందరికీ చూపించండి." దాని మీద టీ కప్పు మరక గుండ్రంగా అంటుకుని ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సైకిళ్ల షెడ్డు వెనక మైకు కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నేను చచ్చిపోతానే. పదో తరగతి కూడా చదవనే. మా అమ్మ నా కంచం వేరే పెట్టింది" అంటోంది. గడియారం వెళ్లి ఎదురుగా కూర్చుంది. అమ్మమ్మ మాట చెవిలో మోగుతూనే ఉంది. కానీ ఎదురుగా ఏడుస్తున్నది మైకు. ఎనిమిదేళ్ల నేస్తం. ఆ గొంతు సన్నగా, పిల్లిపిల్లలా అయిపోయింది.

ఎప్పుడూ వెంట ఉంచుకునే మాత్రల అట్ట సంచిలోంచి తీసి మైకు ఒళ్లో పెట్టింది. "ఇది బలానికి కాదే. ఆ జబ్బుకే. నాకు పుట్టినప్పట్నుంచీ ఉంది. ఎనిమిదేళ్ల నుంచీ నా పక్కనే కూర్చుంటున్నావు, నా డబ్బాలో తింటున్నావు, నా సీసాలో నీళ్లు తాగుతున్నావు. నీకేమైనా వచ్చిందా? చేతులు కలిపితే వచ్చేదే అయితే నీకు ఎప్పుడో రావాలి. రాదే. నీకు లేదు."

మైకు ఏడుపు ఆగింది. అట్ట వంక చూసింది. "అయితే నాకు లేదా?"

"లేదు."

"నిజంగా లేదా? ఒట్టు?"

"ఒట్టు."

"అమ్మయ్యా" అంది మైకు. ముక్కు తుడుచుకుని, మోకాళ్ల మీంచి అట్టని రెండు వేళ్లతో తీసి కింద పెట్టింది. నీ సంగతేంటే అని అడగలేదు. సంతోషంలో మర్చిపోయిందిలే అనుకుంది గడియారం.

మర్నాడు మొదటి పీరియడుకి టీచరు ఇంకా రాలేదు. వెనక బెంచీవాడు "చుక్కొచ్చింది, జరగండ్రోయ్" అన్నాడు. మైకు లేచి నిలబడింది. ఎన్నాళ్లకో దానికి పాత గొంతు వచ్చింది. "నాది ఉత్త ఆట చుక్క. అసలు చుక్క ఇదిగో, ఇది! పుట్టినప్పట్నుంచీ ఉందంట. దాని సంచి చూడండి, మాత్రలున్నాయి. బలానికి కాదు!" పక్క సెక్షనువాళ్లు కూడా గుమ్మం దగ్గరికి వచ్చారు. ఎవరో సంచి బోర్లించారు. పుస్తకాల మధ్య నుంచి అట్ట జారిపడింది. గడియారం మైకు మొహంలోకి చూసింది. మైకు తలుపు వంక చూస్తోంది.

ఆ సాయంత్రానికి వార్త వీధికి పాకింది. ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు, చేసినవీ చెయ్యనివీ కలిపి జనం వచ్చి పట్టుకుపోయారు. అమ్మమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎవరికి చెప్పావే?"

"మైకుకి."

"ఎందుకు చెప్పావు?"

"అది చచ్చిపోతాననుకుంటోంది అమ్మమ్మా."

ఖాళీ బల్ల మీద ఇస్త్రీపెట్టె చల్లారిపోతోంది. "మరి నువ్వో?" అంది అమ్మమ్మ. "ఆ బడి మానెయ్. ఇంకెక్కడైనా చేరుద్దాం" అంది.

"వద్దమ్మమ్మా. మాస్టారు మిగతాది చెప్పాలి. పుస్తకంలో ఉంది, నేను చూశాను. అది చెప్పేస్తే అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు మైకు కూడా వచ్చి కూర్చుంటుంది."

పిచ్చిపిల్ల! అంత జరిగాక కూడా దానికి మైకే కావాలి.

బడికి తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. బడి నడిపే పెద్ద మేడమ్ అందరికీ కుర్చీలు వేయించి, మధ్యేమార్గం ఒకటి కనిపెట్టింది. గడియారానికి తలుపు పక్కన వేరే బెంచీ వేశారు. "అక్కడైతే గాలి బాగా వస్తుందమ్మా" అంది మేడమ్ నవ్వుతూ. గాలి నిజంగానే బాగా వస్తుంది. అక్కడి నుంచి కుళాయి కూడా కనిపిస్తుంది. నలభై మంది పిల్లల వీపులు కనిపిస్తాయి. రోజూ సైన్సు పీరియడుకి ఆ పిల్ల నిటారుగా కూర్చునేది, ఇవాళ చెప్తాడేమోనని. ఆరు వారాలు అలాగే కూర్చుంది.

అప్పుడు కబురొచ్చింది, ఆ పాఠం పిల్లలకి ఎంతవరకు ఎక్కిందో చూడ్డానికి పైఆఫీసు నుంచి ఒక మేడమ్ ఎల్లుండి వస్తుందని. మర్నాడే మాస్టారు పసుపు అట్ట పుస్తకం పట్టుకుని పరుగున వచ్చాడు. "రాసుకోండి. ఒకటి, కరచాలనం వల్ల హెచ్‌ఐవి రాదు. రెండు, కలిసి తింటే రాదు. మూడు, ఒకే బెంచీలో కూర్చుంటే రాదు." పిల్లలు రాసుకున్నారు. "అందరూ గట్టిగా చెప్పండి." చెప్పారు. గది అదిరిపోయేలా, ఎక్కాలు చదివినట్టు చదివారు. అందరికంటే గట్టిగా మైకు గొంతు వినిపించింది. దేనివల్ల వస్తుందో మాత్రం ఆయన ఆ రోజు కూడా చెప్పలేదు, "సంబంధాల వల్ల" అని గబగబా అనేసి ముందుకెళ్లాడు.

గడియారం ఆఖరి వాక్యం కోసం ఎదురుచూస్తోంది. మాస్టారు అక్కడిదాకా వచ్చాడు, కళ్లతో చదివాడు. ఒక్కసారి తలుపు వైపు చూశాడు. పుస్తకం మూశాడు.

ఆఫీసు మేడమ్ వచ్చింది. పది ప్రశ్నల కాగితాలు పంచింది. ప్రతి ప్రశ్నకీ అవును, కాదు, రెండిట్లో ఒకదానికి సున్నా చుట్టాలి. పావుగంటలో కాగితాలు వెనక్కి వచ్చాయి. దిద్దుతున్నకొద్దీ ఆవిడ మొహం విచ్చుకుంది. "బ్రహ్మాండం మాస్టారూ! నేను చూసిన బళ్లలో ఇదే మొదటిది. నలభై మందికి పదికి పది." తర్వాత కనుబొమలు ముడేసింది. "ఈ ఒక్కటే... కరచాలనం వల్ల వస్తుందా అంటే అవును అని పెట్టింది. మిగతా తొమ్మిదీ కరెక్టే. ఇంత తేలిక ప్రశ్న దగ్గర తప్పిందేంటి?"

"ఆ పిల్ల చదువులో కాస్త వెనకబడింది లెండి" అన్నాడు మాస్టారు.

తలుపు పక్క బెంచీలోంచి గడియారం లేచింది. "తప్పు రాయలేదు మేడమ్. పుస్తకంలో రాదనే ఉంది, నాకు తెలుసు. కానీ ఈ గదిలో వస్తుంది. అందుకేగా ఎవరూ చెయ్యివ్వరు." అలాగే నడుచుకుంటూ మాస్టారి ముందుకి వచ్చింది. దారిలో పిల్లలు కాళ్లు లోపలికి ముడుచుకున్నారు. కుడిచెయ్యి ముందుకి చాచింది. "నల్లగీతల పెట్టెలో ఆఖరి వాక్యం ఉంది మాస్టారూ. అది ఒక్కటి చేసి చూపించండి. ఇప్పుడే మార్చి రాసేస్తాను."

గడియారం ఒక్క క్షణం మైకు వైపు చూసింది. మైకు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఆఫీసు మేడమ్‌కి అసలు సంగతి తెలీదు. "ఏముంది, ఇవ్వండి మాస్టారూ, పిల్ల ముచ్చటపడుతోంది" అని నవ్వి, టైము చూసుకుంది. ఇంకా రెండు బళ్లకి వెళ్లాలి ఆవిడ.

మాస్టారు చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. కుడిచెయ్యి ఖాళీ అయింది. ఆ ఖాళీ చేతిని చూసుకున్నాడు. ఎదురుగా ఉన్న చిన్న చేతిని చూశాడు. మళ్లీ సుద్దముక్కని కుడిచేతిలోకి తెచ్చుకున్నాడు.

"రేపమ్మా" అన్నాడు. "రేపు తప్పకుండా."

మేడమ్ కాగితాలు సర్దుతూ, "ఈ ఒక్క పిల్లకీ మళ్లీ చెప్పి రాయించి పంపండి మాస్టారూ, నూటికి నూరు వేసుకుంటాను" అని చెప్పి వెళ్లిపోయింది. గడియారం చెయ్యి దించుకుని తలుపు పక్కకి వెళ్లి కూర్చుంది.

మాస్టారు మళ్లీ చెప్పనూ లేదు, రాయించనూ లేదు. గడియారం కాగితాన్ని మూల కొసన రెండు వేళ్లతో పట్టుకుని బల్ల మీద పెట్టాడు. అవును మీద సున్నా కొట్టేసి, కాదుకి తనే సున్నా చుట్టాడు. దాన్ని కవరులో పడేసి, జేబులోంచి చిన్న సబ్బుముక్క తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాడు.

తలుపు పక్క బెంచీ నుంచి కుళాయి బాగా కనిపిస్తుందని చెప్పాను కదా. గడియారం కూర్చుని లెక్కపెట్టింది. ఐదు సార్లు కడుక్కున్నాడు.